అడ్రసు రాసే పుస్తకం దగ్గర ఎవరు కూర్చోవాలి?



పోస్టు పెద్దది. బస్సులో ఉంటే సేవ్ చేసుకుని రాత్రి తీరిగ్గా చదవండి. ఇంటర్ అయిపోయిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది "కంప్యూటర్ డిగ్రీలో అసలు ఏం నేర్పుతారు, క్లౌడ్ అంటే ఏంటి, అందులో మనలాంటోళ్ళకి పని ఉంటుందా" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకేసారి రాద్దామని కూర్చున్నాం. క్లౌడ్ మొత్తం గురించి కాదు. అందులో ఒక్క పని గురించి: మెషీన్లకి అడ్రసులు పంచడం, పంచిన లెక్క ఒక చోట సరిగ్గా రాసి ఉంచడం. వినడానికి చప్పగా ఉంటుంది. కానీ మన బతుకులకి ఇంత దగ్గరగా ఉన్న పాఠం మా సిలబస్‌లో మాకు ఇంకోటి దొరకలేదు.

మేము అంటే ముగ్గురం. ఒకరిది చింతూరు వైపు కోయ గూడెం, ఒకరిది మారేడుమిల్లి పైన కొండరెడ్ల ఊరు, ఒకరిది రంపచోడవరం దగ్గర కొండదొరల ఊరు. కాకినాడలో హాస్టల్లో ఒకే రూము. వయసు ఇరవై. మూడు ఇళ్ళలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. రాసేది ఒకరైనా మాట ముగ్గురిదీ.

మేము ఈ పని నేర్చుకున్నది మాత్రం ఉప్పాడలో. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని పోతే వచ్చే ఊరు. జాందానీ చీరలకి పేరున్న ఊరు, చేపల వేట ఊరు, ఏటేటా సముద్రం కోసుకుంటూ పోతున్న ఊరు. మా క్లాసులో ఒకతనిది అదే ఊరు. వాళ్ళ బాబాయికి అక్కడ చిన్న నెట్ సెంటర్ ఉంది. మాకూ ఆయన బాబాయే. ఆదివారం మధ్యాహ్నం షాపు కట్టేశాక పాత కంప్యూటర్లు రెండు మాకు వదిలేస్తాడు. "కరెంటు బిల్లు నాది, చదువు మీది, పాడు చేస్తే మాత్రం బాగు చేసి ఇవ్వాలండోయ్" అంటాడు. హాస్టల్లో ల్యాప్‌టాప్ లేని మాకు ఆ రెండు డబ్బాలే డేటా సెంటర్.

ముందు అడ్రసు సంగతి. ఇంటర్నెట్‌లో ప్రతి మెషీన్‌కీ ఒక నంబరు ఉండాలి. దాన్నే ఐపీ అడ్రసు అంటారు. పాత పద్ధతిలో అది నాలుగు ముక్కల నంబరు, ఒక్కో ముక్క 0 నుంచి 255 దాకా. లెక్క కడితే మొత్తం 429 కోట్ల చిల్లర అడ్రసులు వస్తాయి. పెట్టినప్పుడు చాలా ఎక్కువ అనుకున్నారు. ప్రపంచం మొత్తానికీ నంబర్లు పంచే ఐయానా అనే వ్యవస్థ దగ్గర ఉన్న చివరి పెద్ద కట్టలు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. మన ఆసియా వైపు పంచే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్ 15కి తన ఆఖరి కట్టకి వచ్చేసింది. అప్పటినుంచి కొత్తగా అడిగేవాళ్ళకి చిటికెడు చిటికెడు ఇస్తున్నారు. మన దేశంలో ఈ పంపకం చూసే రిజిస్ట్రీ పేరు ఐరిన్. కొత్త పద్ధతి ఐపీవీ6లో నంబర్లకి కొదవ లేదు. కానీ పాతది ఇంకా పోలేదు, రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

ఇక్కడ మన హాస్టల్ని గుర్తు చేసుకోండి. హాస్టల్ పోస్టల్ అడ్రసు ఒక్కటే. వంద మందికి ఉత్తరాలు, పార్సిళ్ళు అన్నీ ఆ ఒక్క అడ్రసుకే వస్తాయి. ఎవరిది ఏ రూమో లోపల చూసుకుంటారు. ఇంటర్నెట్ కూడా అలాగే నెట్టుకొస్తోంది. ఎవరైనా లోపల వాడుకోవచ్చని కొన్ని నంబర్లని 1996లోనే పక్కన పెట్టారు. 10తో మొదలయ్యేవి, 192.168తో మొదలయ్యేవి, 172లో కొన్ని. మీ ఫోన్ వైఫైకి కలిపి సెట్టింగ్స్‌లో చూడండి, చాలా మటుకు వీటిలో ఒకటే ఉంటుంది. అదే నంబరు భద్రాచలంలో ఇంకొకరి ఫోన్‌కీ ఉండొచ్చు. లోపల గది నంబర్లు కాబట్టి గొడవ లేదు. బయటికి వెళ్ళేటప్పుడు అందరూ హాస్టల్ అడ్రసుతోనే వెళ్తారు.

మరి ఏ నంబరు ఎవరిదో ఎవరు రాస్తారు? మొదట్లో ఒక మనిషి, ఆమె టీమూ రాసేవాళ్ళు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ నడిపిన ఆఫీసు ఒక ఫైలు పెట్టుకుని, నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి కంప్యూటర్ పేరూ, నంబరూ అందులో ఎక్కించేది. కొత్త మెషీన్ వస్తే ఆ ఆఫీసుకి చెప్పాలి. మిగతా వాళ్ళందరూ ఆ ఫైలు దించుకుని వాడుకోవాలి. మెషీన్లు పెరిగేసరికి ఒకే ఫైలుతో పని కాలేదు. 1983లో పాల్ మోకపెట్రిస్ డీఎన్ఎస్ అనే పద్ధతి తయారు చేశాడు. పేరు చెప్తే నంబరు చెప్పే పద్ధతి అది. నంబరు మారినా పేరు మారక్కర్లేదు. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, దాంతో ముందు పని ఉంది.

ఇప్పుడు క్లౌడ్ ఆటోమేషన్. ఒక పెద్ద కంపెనీలోనో, ప్రభుత్వ డేటా సెంటర్‌లోనో ఎవరికైనా సర్వర్ కావాలంటే పాత రోజుల్లో కాగితం పెట్టాలి. ఒకరు మెషీన్ తయారు చేస్తారు, ఇంకొకరు ఎక్సెల్ షీట్ తెరిచి ఖాళీగా ఉన్న నంబరు వెతికి ఇస్తారు. రోజులు పట్టేది. ఇప్పుడు స్క్రీన్ మీద నొక్కితే నిమిషాల్లో వర్చువల్ మెషీన్ తయారవుతుంది. మనిషి చేసే పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. అయితే రోజుకి వందల మెషీన్లు పుట్టి పోతుంటే ఎక్సెల్ షీట్ నమ్మకం కాదు. అందుకే అడ్రసుల లెక్క చూడటానికే విడిగా ఒక సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటారు. దాన్ని ఐపామ్ అంటారు. డబ్బు పెట్టి కొనేవాటిలో ఇన్ఫోబ్లాక్స్ పేరు ఎక్కువ వినపడుతుంది. ఉచితంగా దొరికే వాటిలో నెట్‌బాక్స్, పీహెచ్‌పీఐపామ్ ఉన్నాయి. మేము నెట్‌బాక్స్ వాడాం.

ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌లోనే అడ్రసులు పంచే ఏర్పాటు ఉంటుంది కదా, మళ్ళీ బయట ఇంకో పుస్తకం ఎందుకు అని మాకూ అనిపించింది. కారణం ఇది. కంపెనీకి ఒక్క క్లౌడే ఉండదు. సొంత సర్వర్లు కొన్ని, అమెజాన్‌లోనో మైక్రోసాఫ్ట్‌లోనో అద్దెకి తీసుకున్నవి కొన్ని, బ్రాంచి ఆఫీసులు ఇంకొన్ని. ఎవరి పుస్తకం వాళ్ళు రాసుకుంటే, ఇద్దరూ 10.1.1.5 ఇచ్చేస్తారు. విడివిడిగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. రెండు నెట్‌వర్క్‌లూ కలిపిన రోజు తన్నుకుంటాయి. మన ఏజెన్సీలో కొత్తూరు పేరుతో ఎన్ని ఊళ్ళున్నాయో లెక్కపెట్టండి. మండలం పేరు రాయకపోతే ఉత్తరం ఏ కొత్తూరు పోవాలి? అందుకని అందరూ ఒకే పుస్తకాన్ని అడిగేలా, ఆ పుస్తకం ఏ ఒక్క క్లౌడ్‌కీ సొంతం కాకుండా బయట పెడతారు.

ఆ బయటి పుస్తకాన్ని అడగడానికి ఒక తలుపు కావాలి. దాన్నే ఎండ్‌పాయింట్ అంటారు. ఈ మాట ఒక్కటి అర్థమైతే సగం పాఠం అయిపోయినట్టే. ఒక సర్వీసు ఏ చోట పలుకుతుందో ఆ చోటే ఎండ్‌పాయింట్. ఎమ్మార్వో ఆఫీసు బిల్డింగ్ పెద్దదే, కానీ కుల ధ్రువీకరణ అప్లికేషన్ తీసుకునే కిటికీ ఒకటే కదా, అలా అన్నమాట. వీఎంవేర్ వాళ్ళ ఆటోమేషన్ అయినా (మొదట వీరియలైజ్ అనేవాళ్ళు, 2022లో ఆరియా అని పేరు మార్చారు, 2023 నవంబరులో కంపెనీనే బ్రాడ్‌కామ్ కొనేసింది), ఇంకొకటైనా, ఈ తలుపు పెట్టే పద్ధతి దాదాపు ఒకటే:

మొదటిది, తలుపు ఎక్కడుందో చెప్పాలి. ఐపామ్ సర్వర్ పేరు, పోర్టు నంబరు.

రెండోది, అడిగేది ఎవరో చెప్పాలి. ఆటోమేషన్ కోసమే ఒక ఖాతా తెరిచి, దానికి అవసరమైనంత అధికారమే ఇవ్వాలి. నంబర్లు తీసుకోవచ్చు, తిరిగి ఇవ్వొచ్చు, అంతే. పుస్తకం మొత్తం చెరిపేసే అధికారం ఇవ్వకూడదు.

మూడోది, నమ్మకం. అవతల పలికేది నిజంగా మన పుస్తకమేనా అని సర్టిఫికెట్ చూసి తేల్చుకోవాలి. తొందరలో చాలామంది ఈ మెట్టు దాటేసి "అన్నిటినీ నమ్ము" అని పెట్టేస్తారట. మధ్యలో ఎవడైనా దొంగ పుస్తకం పెట్టి కూర్చోవడానికి అదే దారి.

నాలుగోది, వాలిడేట్ అనే బటన్. నొక్కితే ఒకసారి వెళ్ళి పలకరించి వస్తుంది. ఇక్కడ ఆగిపోతే తప్పు పై మూడింట్లోనే వెతకాలి.

ఐదోది, పుస్తకంలో ఉన్న రేంజ్‌లని తెచ్చుకుని, ఏ నెట్‌వర్క్‌కి ఏ రేంజ్ అనేది కట్టాలి.

తర్వాత రోజూ జరిగేది రెండు మాటల పని. మెషీన్ పుట్టేటప్పుడు "ఒక నంబరు ఇవ్వు", పోయేటప్పుడు "నంబరు వెనక్కి తీసుకో". అలోకేట్, డీఅలోకేట్. మధ్యలో మెషీన్ వివరాలు మారితే "రికార్డు సరిచెయ్యి".

మా రెండు డబ్బాల్లో ఒకదాని మీద నెట్‌బాక్స్, రెండోదాని మీద వర్చువల్‌బాక్స్ పెట్టాం. 192.168.10.20 నుంచి 99 దాకా 80 నంబర్లు ఇచ్చాం. చిన్న పైథాన్ ప్రోగ్రాం రాసి, అది నెట్‌బాక్స్‌ని అడిగి నంబరు తెచ్చి మెషీన్‌కి పెట్టేలా చేశాం. నడిచింది. ఆ తర్వాత కావాలనే దాన్ని ఇబ్బంది పెట్టి చూశాం. నేర్చుకుందంతా అక్కడే.

పుస్తకం ఉన్న కంప్యూటర్ ఆపేసి మెషీన్ అడిగాం. ప్రోగ్రాం ఆగిపోయింది, మెషీన్ రాలేదు. అలాగే ఉండాలి. పుస్తకం పలకనప్పుడు ఊహించి ఏదో నంబరు పెట్టేస్తే, రేపు ఇద్దరికి ఒకే నంబరు వస్తుంది.

రెండు మెషీన్లు ఒకే క్షణంలో అడిగేలా చేశాం. "ఖాళీ ఏది" అని ముందు అడిగి, తర్వాత "అది నాది" అని రాస్తే, మధ్యలో ఉన్న సందులో ఇద్దరికీ ఒకే ఖాళీ కనపడొచ్చు. అందుకే నెట్‌బాక్స్‌లో "తర్వాతి ఖాళీ నంబరు ఇచ్చి, ఇచ్చినట్టు రాసుకో" అని ఒకే మాటలో అడిగే వీలుంది. అలా అడిగితే ఇద్దరికీ వేరే వేరే నంబర్లు వచ్చాయి.

మూడోది, ఆటోమేషన్‌కి చెప్పకుండా వర్చువల్‌బాక్స్‌లోకి వెళ్ళి మెషీన్‌ని తీసేశాం. మెషీన్ పోయింది. పుస్తకంలో మాత్రం ఇంకా ఉంది. ఆ నంబరు ఎవరికీ రాదు, ఎవరూ వాడరు. ఇలా కొన్ని నెలలు పోతే 80 నంబర్లూ దెయ్యాలతో నిండిపోతాయి. నిజం కంపెనీల్లో ఇది రోజూ ఉండే తలనొప్పి అని వీడియోలో విన్నాం.

అది చూస్తుండగా బాబాయి నవ్వి, "మా వీధి కూడా ఇంతే కదండి. పుస్తకంలో ఉంది, నేల మీద లేదు" అన్నాడు.

ఉప్పాడలో, పక్కనే మాయాపట్నంలో, కోనపాపపేటలో సముద్రం ఇళ్ళని తినేస్తోంది. ఒడ్డుకి జియోట్యూబులు వేశారు, రాళ్ళు పోశారు. అయినా తుపాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డు తెగుతుంది, వరసలో ముందున్న ఇల్లు పోతుంది, వెనకున్న ఇల్లు ముందుకొస్తుంది. మా ఫ్రెండ్ వాళ్ళ నానమ్మ కాపురం చేసిన ఇల్లు ఉన్న చోట ఇప్పుడు అల లేస్తుంది. ఆధార్ కార్డు మీద మాత్రం ఆ డోర్ నంబరే ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల సాయానికి దరఖాస్తు పెట్టడానికి జనం బాబాయి షాపుకే వస్తారు. పడవ మీద ఐఎన్‌డీ, ఏపీ అని మొదలయ్యే నంబరు అందరూ గడగడా చెప్తారు. పడవ ఎక్కడికి పోయినా ఆ నంబరు దాంతోనే ఉంటుంది. ఇంటి అడ్రసు అడిగితే మాత్రం "పాతదా, కొత్తదా" అని ఎదురడుగుతారు.

మా చింతూరు వాడు అప్పుడు అన్నాడు: "మాది తిరగేసిన కథ. మేము కదల్లేదు, అడ్రసే కదిలింది." 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రాలో కలిపారు. చింతూరు, కూనవరం, వీఆర్ పురం తూర్పుగోదావరికి వచ్చాయి. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమగోదావరికి పోయాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్ళీ విడగొట్టారు. చింతూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి వెళ్ళాయి. చింతూరు వాడు ఒకటో తరగతిలో చేరేనాటికి ఊరు ఖమ్మం జిల్లా. పదో తరగతి సర్టిఫికెట్ నాటికి తూర్పుగోదావరి. డిగ్రీలో చేరేనాటికి అల్లూరి జిల్లా. శబరి నది అక్కడే ఉంది, ఇల్లు అక్కడే ఉంది, చింతచెట్టూ అక్కడే ఉంది. స్కాలర్‌షిప్ ఫారంలో మూడు కాగితాల మీద మూడు జిల్లాలు కనిపిస్తే, ముగ్గురూ ఒకే మనిషని రుజువు చేసుకోవాల్సింది మాత్రం ఆ కుర్రాడే.

మూడో రకం కూడా ఉంది. ముంపు ఊళ్ళు ఖాళీ చేసి పునరావాస కాలనీలకి పోయిన మన వాళ్ళు. అక్కడ మనిషీ కదిలాడు, అడ్రసూ మారింది. ఊరి పేరు కొత్త కాలనీకి పెట్టుకున్నా అది ఆ ఊరు కాదు.

కంప్యూటర్ వాళ్ళు ఈ మూడింటికీ మందు కనిపెట్టారు. నేల పోయి నంబరు మిగిలితే డీఅలోకేట్. మెషీన్ అక్కడే ఉండి నంబరు మారితే డీఎన్ఎస్‌లో పేరు ఉంచి నంబరు సరిచెయ్యడం. మెషీన్ వేరే చోటికి పోతే రికార్డు అప్‌డేట్. ఇంత తేలికా అనిపిస్తుంది. కానీ మేము ముగ్గురం వాదించుకుని వాదించుకుని చివరికి ఒక చోటికి వచ్చాం. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

మెషీన్ పోతే దాని వరస చెరిపెయ్యడం శుభ్రం చెయ్యడం. మనిషి ఇల్లు పోతే అతని వరస చెరిపెయ్యడం శుభ్రం చెయ్యడం కాదు. ఉప్పాడలో సముద్రంలో కలిసిన ఆ డోర్ నంబరు ఒక రుజువు. "ఇక్కడ మాకు ఇల్లుండేది" అని చెప్పడానికి ఆ కుటుంబం దగ్గర మిగిలిన కాగితం అదొక్కటే కావచ్చు. నష్టపరిహారం అడగాలన్నా, ఇళ్ళ స్థలం అడగాలన్నా అదే ఆధారం. "నేల మీద లేదు కాబట్టి పుస్తకంలోనూ తీసేద్దాం" అంటే కంప్యూటర్ లెక్కకి సరిపోతుంది, ఆ మనిషికి మాత్రం రెండోసారి ఇల్లు పోయినట్టు.

ఇంకోటి చూడండి. దెయ్యం నంబర్లని పట్టుకోవడానికి అన్నిటినీ పింగ్ చేస్తారు, అంటే ఒక్కో నంబరునీ "ఉన్నావా" అని పిలుస్తారు. జవాబు రాకపోతే లేదని రాసేస్తే సరిపోతుందా? సరిపోదని పాఠంలోనే ఉంది. మెషీన్ ఆపి ఉండొచ్చు. ఫైర్‌వాల్ పింగ్‌కి పలకొద్దని చెప్పి ఉండొచ్చు. జవాబు రాకపోవడం లేకపోవడానికి రుజువు కాదు. అందుకే నెట్‌బాక్స్‌లో ఒక నంబరుకి "వాడుకలో ఉంది" కాకుండా "రిజర్వ్", "డిప్రికేటెడ్" అనే స్థితులు కూడా ఉన్నాయి. తొందరపడి చెరపకుండా గుర్తు పెట్టి, కొన్నాళ్ళు ఆగి, అడిగి, అప్పుడు తీస్తారు.

ఇది చదివినప్పుడు మాకు మన ఊళ్ళే కళ్ళముందు తిరిగాయి. సర్వేకి వచ్చిన రోజు అమ్మానాన్నా మిరపకాయ కోతకి వలస పోయి ఉంటారు. ఇంటికి తాళం. "డోర్ లాక్డ్" అని రాసుకుని పోతారు. రెండోసారి ఎవరూ రారు. నెలలు పోయాక జాబితాలో పేరు లేదని తెలుస్తుంది. ఒక సర్వర్‌కి ఇచ్చే గడువు కూడా మన ఇంటికి ఇవ్వరన్నమాట. ఆ ఫారం తయారు చేసినవాళ్ళకి మన మీద కోపం ఏమీ ఉండకపోవచ్చు. వలస అంటే ఏంటో, పోడు అంటే ఏంటో, గూడెంలో డోర్ నంబరు ఉండదని, "మర్రిచెట్టు దగ్గర ఫలానా వాళ్ళిల్లు" అంటేనే తెలుస్తుందని వాళ్ళకి చెప్పేవాళ్ళు ఆ గదిలో లేరు.

అటవీ హక్కుల చట్టం గుర్తు చేసుకోండి. 2006లో వచ్చిన ఆ చట్టంలో హక్కు కోరే పని గ్రామసభ దగ్గర మొదలవుతుంది. 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి మన చేతిలో ఉందా అన్నది ముందు చూసేది ఊరే. తర్వాతే డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ. అంటే పుస్తకం పైన ఎక్కడున్నా, మొదటి మాట ఆ నేల మీద నడిచేవాళ్ళది అని చట్టమే ఒప్పుకుంది. అమలు ఎలా ఉందో మీకు మేము చెప్పక్కర్లేదు. కానీ ఆ ఆలోచన సరైంది. ఏ పుస్తకానికైనా అది వర్తిస్తుంది.

అందుకే మాకు ఈ పని ఉద్యోగం ఒక్కటే కాదు. విశాఖలో డేటా సెంటర్లు వస్తున్నాయని పేపర్లో చదువుతున్నాం. సచివాలయంలో అప్లికేషన్ నుంచి రేషన్ దాకా అన్నీ ఎక్కడో ఒక సర్వర్ మీదే నడుస్తున్నాయి. ఆ సర్వర్లకి నంబరు ఇచ్చేవాళ్ళు, తలుపులు పెట్టేవాళ్ళు, ఫారంలో ఏ గడి ఉండాలో నిర్ణయించేవాళ్ళు రేపు కూడా ఎక్కువగా పట్నం పిల్లలే అయితే, "డోర్ నంబరు తప్పనిసరి" అనే ఎర్ర చుక్క మన గూడెం ముందు అలాగే ఉంటుంది. మన వాళ్ళు ఒక్కరు అక్కడ కూర్చున్నా "దీన్ని తప్పనిసరి చెయ్యకండి, పాత జిల్లా పేరు కూడా ఉంచండి, చెరిపేముందు రెండుసార్లు అడగండి" అని చెప్పగలుగుతారు. చెప్పాలంటే ముందు పని వచ్చి ఉండాలి. పని రాకుండా చెప్తే ఎవరూ వినరు.

ఎలా మొదలుపెట్టాలి అని అడిగేవాళ్ళకి, మేము నడిచిన దారి ఇది. ముందు రెండంకెల లెక్క, అంటే 0, 1తో లెక్క. దాంతో సబ్‌నెట్ అర్థమవుతుంది: /24 అంటే 256 నంబర్లు, అందులో మెషీన్లకి ఇచ్చేవి 254 అని ఎందుకొచ్చిందో కాగితం మీద వేసుకుంటే ఒక సాయంత్రం పని. తర్వాత లైనక్స్‌లో పది పదిహేను కమాండ్లు. తర్వాత డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్. ఆ తర్వాత పైథాన్ కొంచెం. అప్పుడు నెట్‌బాక్స్. టెర్రాఫామ్, యాన్సిబుల్ లాంటివి చివర్లో. నెట్‌బాక్స్, లైనక్స్, పైథాన్ ఉచితం. ఇంగ్లీషు గురించి భయపడేవాళ్ళకి ఒక మాట. ఈ సబ్జెక్టులో కొత్త పదాలు ఓ వంద ఉంటాయి. మేము నోట్‌బుక్‌లో ఒక వైపు ఆ పదం, ఇంకో వైపు మన మాటల్లో దాని అర్థం రాసుకున్నాం. ఎండ్‌పాయింట్ ఎదురుగా "కిటికీ" అని, లీజు ఎదురుగా "కౌలు" అని ఉంటుంది. ఇంట్లో అమ్మకి కోయలో చెప్పగలిగితే మనకి అర్థమైనట్టు. మా చింతూరు వాడు దసరా సెలవుల్లో వాళ్ళమ్మకి ఐపీ అడ్రసు గురించి చెప్తే, ఆవిడ అంతా విని "మరి ఆ పుస్తకం రాసేవాడు మంచోడేనా" అని అడిగిందట. మా లెక్చరర్లు కూడా ఆ ప్రశ్న అడగలేదు.

కంప్యూటర్ దొరకనివాళ్ళు కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జిని అడగండి, నెట్ సెంటర్ వాళ్ళని అడగండి. అడిగితే ఇచ్చేవాళ్ళు ఉన్నారు. ఉప్పాడ బాబాయి మన కులం కాదు, మన ఊరు కాదు. అడ్రసు పోయిన బాధ తెలిసిన మనిషి, అంతే.

ఇంకో చిన్న పని, ఇది కంప్యూటర్ లేకుండానే చెయ్యొచ్చు. ఈ సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ ఊరి అడ్రసు ఎన్ని కాగితాల మీద ఎన్ని రకాలుగా ఉందో రాయండి. ఆధార్, రేషన్ కార్డు, పట్టా, స్టడీ సర్టిఫికెట్, ఓటరు కార్డు. ఊరు పేరు స్పెల్లింగ్, పంచాయతీ, మండలం, జిల్లా, ఏ సంవత్సరంలో ఏది. ఒక పేజీ సరిపోతుంది. మీ తమ్ముడో చెల్లో కాలేజీలో చేరేటప్పుడు అదే పేజీ పనికొస్తుంది. పాత కాగితాలు ఏవీ పారెయ్యకండి, ముఖ్యంగా ఖమ్మం జిల్లా అని ఉన్నవి.

సబ్‌నెట్ లెక్క దగ్గర ఆగిపోయినవాళ్ళు మెసేజ్ పెట్టండి. ఆదివారం సాయంత్రాలు ఉప్పాడలో ఉంటాం, ఫోన్ ఎత్తుతాం. సిగ్నల్ ఉన్న చోట నిలబడి మాట్లాడండి.

జోహార్.